ఇల్లు చూసే ముందు పొరుగును చూడండి

జూన్, జూలై నెలలు వచ్చాయంటే మన ఇళ్ళలో ఒక హడావుడి మొదలవుతుంది. ఎంట్రెన్స్ ర్యాంకులు, కౌన్సెలింగ్, ధ్రువపత్రాలు, ఫీజులు. ఏ కోర్సు చదవాలి, ఏ యూనివర్సిటీలో చేరాలి అన్న విషయంపై నెలల తరబడి చర్చిస్తాం. పదిమందిని అడుగుతాం. కాని ఆ రెండేళ్ళో నాలుగేళ్ళో మన బిడ్డ ఎక్కడ నిద్రపోతాడు, ఎవరి పక్కన మేల్కొంటాడు, ఎవరి చేతి వంట తింటాడు అన్న సంగతి మాత్రం చివరి రెండు రోజుల్లో, పెట్టె సర్దుకుంటూ తేల్చేస్తాం. 'ఏదో ఒక హాస్టల్ దొరక్కపోతుందా' అనుకుంటాం. విద్యార్థి రోజులో తరగతి గదిలో గడిపేది ఐదారు గంటలు. మిగిలిన సమయంలో ఎక్కువ భాగం గడిచేది హాస్టల్ గదిలోనే. అతని అలవాట్లు అక్కడే నిలబడతాయి, లేదా అక్కడే కూలిపోతాయి.

నేను అధ్యాపకునిగా పనిచేసిన రోజుల్లో కొన్నేళ్ళు హాస్టల్ వార్డెన్ బాధ్యత కూడా చూశాను. అందుచేత ఇలాంటి ప్రశ్నలు నా దగ్గరికి వస్తూ ఉంటాయి. కిందటేడు గుంటూరు జిల్లాకు చెందిన ఒక సోదరుడు అసర్ నమాజు తర్వాత మసీదు వరండాలో నన్ను కలిశారు. వారి అమ్మాయికి హైదరాబాదులో ఎమ్మెస్సీ సీటు వచ్చింది.

"మాస్టారుగారూ, సీటు సంగతి బాగానే ఉంది. భయమంతా హాస్టల్ గురించే. వద్దని చెప్పేద్దామనుకుంటున్నాను. మీరేమంటారు?"

"అమ్మాయి ఏమంటోంది?" అని అడిగాను.

"ఇంకా అడగలేదండీ" అన్నారాయన.

ఆ రోజు ఆయనకు చెప్పినవీ, అప్పుడు మరచిపోయి తర్వాత ఫోనులో చెప్పినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి నిర్ణయం ముందున్న తల్లిదండ్రులకూ, ముఖ్యంగా వారి పిల్లలకూ పనికి రావచ్చు.

మదీనాలో తొలి బస

కొత్త ఊళ్ళో ఎక్కడ దిగాలి అన్న ప్రశ్న మన ప్రియ ప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) జీవితంలోనూ వచ్చింది. క్రీ.శ. 622లో ఆయన మక్కా నుంచి హిజ్రత్ చేసి మదీనాలో ప్రవేశించినప్పుడు ప్రతి తెగవారూ తమ ఇంట దిగమని ఎదురువచ్చి వేడుకున్నారు. ఒకరి ఇల్లు ఎంచుకుంటే మరొకరి మనసు నొచ్చుకునే పరిస్థితి. ఒంటెను దాని దారిన వదలండి, అది దైవాజ్ఞ ప్రకారం నడుస్తోందని ఆయన వారికి తెలియజేశారు. అది ఆగిన చోటికి దగ్గరలో ఉన్నది హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇల్లు. ఆ స్థలంలోనే తర్వాత మస్జిదె నబవీ నిర్మాణం జరిగింది.

అబూ అయ్యూబ్ (రజి) ఇల్లు రెండంతస్తులది. దైవప్రవక్త (స) కింది భాగాన్ని ఎంచుకున్నారు. తనను కలవడానికి వచ్చేవారికి అది సౌకర్యంగా ఉంటుందన్నది ఆయన చూపిన కారణం. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. గాలి ఏ అంతస్తులో బాగా వస్తుంది, ఏ గది గొప్పగా కనిపిస్తుంది అన్నవి ఆయన కొలమానాలు కాలేదు. తాను ఏ పని మీద ఆ ఊరికి వచ్చారో ఆ పనికి ఏది అనుకూలమో దానినే చూసుకున్నారు.

ఆ కథ అంతటితో అయిపోలేదు. పైన తాము, కింద దైవప్రవక్త (స) ఉండటం ఆ దంపతులకు నిద్ర పట్టనివ్వలేదు. ఒక రాత్రి పైన నీళ్ళ కుండ పగిలింది. నీళ్ళు కిందికి కారి ఆయనకు ఇబ్బంది అవుతుందేమోనని భార్యాభర్తలిద్దరూ తమకున్న ఒకే దుప్పటితో నేలంతా అద్దారు. తర్వాత అబూ అయ్యూబ్ (రజి) వినయంగా విన్నవించుకోగా దైవప్రవక్త (స) పై అంతస్తుకు మారారు. అంటే, ఒకసారి తీసుకున్న నిర్ణయాన్ని సాటివారి ఇబ్బంది చూసి మార్చుకోవడం ఆయన దృష్టిలో చిన్నతనం కాలేదు. గది మారడానికి సిగ్గుపడే పిల్లలు దీన్ని గుర్తుంచుకోవాలి. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

మసీదు కట్టాక దానికి ఒక పక్కన నీడనిచ్చే పందిరి ఏర్పడింది. దానినే సుఫ్ఫా అన్నారు. ఇల్లూ వాకిలీ లేనివారు, ధర్మవిద్య కోసం ఊళ్ళు వదలి వచ్చినవారు అక్కడ ఉండేవారు. ఇస్లామ్ చరిత్రలో విద్యార్థుల తొలి వసతి గృహం అదేనంటే తప్పు లేదు. వారి సంఖ్య ఎప్పుడూ ఒకేలా ఉండేది కాదు. వచ్చేవారు వస్తుండేవారు, పెళ్ళిళ్ళయి, పనులు దొరికి వెళ్ళేవారు వెళ్తుండేవారు. అక్కడ గడిపినవారిలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఒకరు. ఆకలికి తాళలేక దారిలో కూర్చున్న రోజున దైవప్రవక్త (స) ఆయన ముఖం చూసి విషయం గ్రహించి ఇంటికి తీసుకుపోయారు. ఇంట్లో ఉన్నది ఒక్క గిన్నె పాలు. ముందు సుఫ్ఫా వారందరినీ పిలుచుకు రమ్మన్నారు. ఈ కాసిని పాలు అంతమందికి ఏ మూలకని అబూ హురైరా (రజి) లోలోపల బాధపడ్డారు. పైగా వారందరికీ తానే స్వయంగా అందించాలి. అందరూ కడుపునిండా తాగారు, చివరికి ఆయనా తాగారు, ఇంకా మిగిలాయి. బుఖారీలో ఉన్న ఈ ఉదంతాన్ని మనం మహిమగా చెప్పుకుంటాం. నిజమే. దానితోపాటు, పక్కవాడు తాగేదాకా ఆగడం ఆ పందిరి కింది చదువులో భాగమని కూడా నాకనిపిస్తుంది. నలుగురు పంచుకునే గదిలో ఒకే ఒక ఫ్యాన్, ఒకే ఒక ప్లగ్గు ఉన్నప్పుడు ఈ పాఠం బాగా అర్థమవుతుంది.

ఎవరితో ఉంటారు?

ఇల్లు చూసే ముందు పొరుగును చూడమని అరబ్బులు అంటారు. దీనిని హదీసుగా చెప్పేవారూ ఉన్నారు. కాని హదీసువేత్తలు ఆ పరంపర బలహీనమైనదన్నారు కాబట్టి దైవప్రవక్త (స)కు ఆపాదించకుండా మంచి సామెతగానే తీసుకుందాం. స్నేహితుని గురించి ప్రామాణికమైన హదీసు వేరే ఉంది. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖించిన దానిలో దైవప్రవక్త (స) మంచి సహచరుణ్ణి కస్తూరి అమ్మేవానితోనూ, చెడ్డ సహచరుణ్ణి కొలిమి తిత్తి ఊదేవానితోనూ పోల్చారు. కస్తూరివాని దగ్గర మనం ఏమీ కొనకపోయినా పరిమళం అంటుకుంటుంది. కొలిమి దగ్గర బట్టలు కాలకపోయినా పొగ వాసన తప్పదు. బజారులో కస్తూరివాని అంగడి ముందు నిలబడేది ఐదు నిమిషాలు. రూమ్మేట్ పక్కన గడిపేది ఏడాది.

అందుకని హాస్టల్ చూడటానికి వెళ్ళినప్పుడు గోడల రంగూ, టైల్సూ, వైఫై బోర్డూ కాక ముందు మనుషుల్ని చూడాలి. పగలు పదకొండు గంటలకు వెళితే ఖాళీ మంచాలు, తుడిచిన నేల, మర్యాదగా మాట్లాడే మేనేజరు కనిపిస్తారు. రాత్రి ఎనిమిది గంటలకు, అదీ ఆదివారం కాకుండా పనిరోజున వెళ్ళండి. పిల్లలు చదువుకుంటున్నారా, గదుల్లోంచి ఏం వినిపిస్తోంది, మెట్ల మీద సిగరెట్ పీకలున్నాయా, ఎవరైనా తాగి వస్తున్నారా, వార్డెన్ ఆ వేళకు హాస్టల్‌లో ఉన్నాడా లేక ఫోన్ నెంబరు మాత్రమే ఉందా అన్నవి అప్పుడే తెలుస్తాయి. ప్రశ్నలు మేనేజరును కాదు, రెండో సంవత్సరం పిల్లలను అడగాలి. మొదటి సంవత్సరం వారికి ఇంకా ఏమీ తెలిసి ఉండదు. చివరి సంవత్సరం వారు వెళ్ళిపోయే ధ్యాసలో ఉంటారు.

ఇక్కడ ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. మన తల్లిదండ్రుల్లో చాలామంది 'మనవాళ్ళ హాస్టల్' అని తెలియగానే ఇంకేమీ చూడకుండా అడ్వాన్స్ కట్టేస్తారు. బోర్డు మీద నెలవంక ఉన్నంత మాత్రాన లోపల ఫజర్ నమాజుకు లేచేవారున్నారని అర్థం కాదు. నా వార్డెన్ అనుభవంలో, ఒకే ఊరి నుంచి, ఒకే వీధి నుంచి వచ్చిన మన పిల్లలు ఐదుగురు ఒకే గది కావాలని పట్టుబట్టి తీసుకున్నారు. తల్లిదండ్రులు సంతోషించారు. ఊళ్ళో అర్ధరాత్రి దాకా చేసే కాలక్షేపం యథాతథంగా ఆ గదికి వచ్చింది. ఒకరినొకరు మందలించుకునే చనువు ఉండి కూడా ఎవరూ ఎవరినీ మందలించలేదు. ఏడాది చివర ముగ్గురు పరీక్షలు తప్పారు. ఆ గది ఇచ్చింది నేనే. వారి తండ్రుల మొహమాటానికి పోయి ఇచ్చాను.

దీనికి భిన్నంగా, నేను చదువుకునే రోజుల్లో నా గదిలో ఉన్న అబ్బాయి హిందువు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి లెక్కలు చేసుకునే అలవాటు అతనిది. నాకు నిద్ర ఎక్కువ. మొదటి వారంలోనే నన్ను అడిగాడు, 'మీ నమాజు ఎన్నింటికి?' అని. ఆ తర్వాత రెండేళ్ళూ నన్ను తట్టి లేపింది అతనే. ముస్లిమేతరులతో గది పంచుకోవాల్సి వస్తుందేమోనని భయపడే తల్లిదండ్రులకు ఈ సంగతి చెబుతుంటాను. పొరుగువారి హక్కుల విషయంలో మన ధర్మం మతం అడగదు. హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను జిబహ్ చేసినప్పుడు యూదుడైన పొరుగువానికి పంపారా లేదా అని ఆయన పదేపదే విచారించిన ఉదంతం తిర్మిజీలో ఉంది. రూమ్మేట్ విషయంలో అడగవలసిన ప్రశ్నలు వేరు. తాగుతాడా? రాత్రి నిద్ర పోనిస్తాడా? ఎదుటివారి ప్రార్థననూ తిండినీ ఎగతాళి చేస్తాడా? ఇవి ఏ మతం వారి గురించైనా అడగదగిన ప్రశ్నలే.

యూనివర్సిటీ హాస్టలా, ప్రైవేటు హాస్టలా?

ప్రభుత్వ యూనివర్సిటీలలో హాస్టల్ సీటు దొరకడమే ఒక పరీక్ష. సీట్లు తక్కువ, అడిగేవారు ఎక్కువ. అదే నగరంలో నివాసం ఉన్నవారికి చాలాచోట్ల చివరి ప్రాధాన్యం ఇస్తారు. ఏ భవనం, ఏ గది అన్నది సాధారణంగా అధికారులే కేటాయిస్తారు. అయినా విద్యార్థి చేతిలో కొంత ఉంటుంది. దరఖాస్తు గడువు తప్పకూడదు. రూమ్మేట్‌గా ఎవరినైనా కోరుకునే వీలుంటే ముందే రాసి ఇవ్వాలి. చేరాక ఇబ్బంది ఉంటే గది మార్పుకు వార్డెన్‌కు లిఖితపూర్వకంగా అర్జీ పెట్టుకోవాలి. చాలామంది పిల్లలు ఈ చివరిది చేయరు. ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారని భయం, వార్డెన్‌కు చెబితే నలుగురిలో పేరు పోతుందని భయం. మొదటి రెండు మూడు వారాల్లో గది మార్చడం తేలిక. ఆర్నెల్లు గడిచాక వార్డెన్‌కూ కష్టమే.

యూనివర్సిటీ హాస్టల్‌కు నేను మొగ్గు చూపడానికి కారణాలున్నాయి. లైబ్రరీ, ప్రయోగశాల నడిచివెళ్ళే దూరంలో ఉంటాయి. ఖర్చు తక్కువ. మెస్ చాలాచోట్ల డివైడింగ్ పద్ధతిలో నడుస్తుంది. అంటే నెలలో అయిన మొత్తం ఖర్చును తిన్నవారి సంఖ్యతో భాగించి బిల్లు వేస్తారు, లాభం ఎవరికీ ఉండదు. సెలవులకు ఇంటికి వెళ్ళేటప్పుడు ముందుగా రాసి ఇస్తే మెస్ కట్ ఇస్తారు. అన్నిటికంటే ముఖ్యం, ఏదైనా జరిగితే జవాబు చెప్పవలసిన ఒక సంస్థ ఉంటుంది.

ర్యాగింగ్ భయం గురించి అందరూ అడుగుతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే దీనిని నిషేధిస్తూ చట్టం వచ్చింది. 2009లో యూజీసీ దేశమంతటికీ నియమాలు చేసింది. వాటి ప్రకారం విద్యార్థీ, తల్లిదండ్రులూ ఇద్దరూ హామీపత్రం ఇవ్వాలి. కొత్తవారిని వీలైనంతవరకు వేరే బ్లాకులో ఉంచాలి, సీనియర్ల రాకపోకలపై వార్డెన్ల కాపలా ఉండాలి. హాస్టల్ చూడటానికి వెళ్ళినప్పుడు 'ఫ్రెషర్స్ బ్లాకు వేరుగా ఉందా?' అని తప్పక అడగండి. ఇరవై నాలుగు గంటలూ పనిచేసే 1800-180-5522 నెంబరును పిల్లల చేత రాయించండి. ఇంకో మాట. మరుసటి ఏడాది మన అబ్బాయే సీనియర్ అవుతాడు. సూరా హుజురాత్‌లో ఎగతాళినీ, మారుపేర్లతో పిలవడాన్నీ అల్లాహ్ నిషేధించాడని అతనికి ముందే తెలిసి ఉండాలి. 'మాకూ చేశారు, మేమూ చేస్తాం' అన్నది జవాబు కాదు.

ప్రైవేటు హాస్టల్ తప్పనిసరి అయితే కొన్ని విషయాలు కళ్ళతో చూడాలి. కిటికీలన్నిటికీ ఊచలుండి, దిగడానికి ఒకే మెట్లదారి ఉండి, ఆ మెట్ల కిందే కరెంటు మీటర్లూ, గ్యాస్ సిలిండర్లూ ఉన్న భవనాలు నగరంలో చాలా ఉన్నాయి. అలాంటి చోట ఎంత మంచి భోజనం పెట్టినా వద్దు. రాత్రి గేటుకు తాళం వేశాక తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేసేటప్పుడు ఎంత తిరిగి ఇస్తారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, మెయింటెనెన్స్ పేరుతో ఎంత కోస్తారు అన్నవి కాగితం మీద రాయించుకోండి. దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయతు అప్పు లావాదేవీలను రాసుకోమని చెప్పేదే. మనం మాత్రం 'భాయ్ మంచివాడు' అని నోటిమాట మీద ఇచ్చి, తర్వాత ఏడాదిపాటు ఆ భాయ్‌ని తిట్టుకుంటాం.

బంధువుల ఇంట్లో ఉంచడం మూడో మార్గం. చాలామందికి ఇదే సురక్షితం అనిపిస్తుంది. నాకు అంత నమ్మకం లేదు. పాతబస్తీలో చాచా ఇల్లు, గచ్చిబౌలిలో తరగతులు అయితే పిల్ల చదువు బస్సులోనే అయిపోతుంది. అంతకంటే ముఖ్యం, ఆ ఇంట్లో పెళ్ళీడుకొచ్చిన చాచా కొడుకులు ఉంటే వారు ఆ అమ్మాయికి మహ్రమ్‌లు కారు. హాస్టల్‌లో పరదా పోతుందని భయపడేవారు, రెండు గదుల ఇంట్లో అది ఎలా నిలుస్తుందో ఆలోచించరు. ఆ ఇంటి ఇల్లాలికి మొహమాటం, ఈ పిల్లకు మొహమాటం, రెండేళ్ళ తర్వాత బంధుత్వాల్లో చీలిక. ఇలాంటివి ఎన్నో చూశాను. నానీ ఒక్కతే ఉన్న ఇల్లయితే, తోడుగా ఉంటుందంటే, అది వేరే సంగతి.

నమాజు, తిండి, రంజాన్

అబ్బాయిల విషయంలో మసీదు ఎంత దూరం అని అందరూ అడుగుతారు. ఉదయం గేటు ఎన్నింటికి తీస్తారని ఎవరూ అడగరు. ఆరింటికి గేటు తీసే హాస్టల్‌కు మసీదు ఎదురుగానే ఉన్నా ఫజర్ జమాఅత్ దొరకదు. వాచ్‌మెన్‌తో ముందే మాట్లాడుకోవాలి, అవసరమైతే వార్డెన్ అనుమతి రాయించుకోవాలి. అమ్మాయిలకు గదిలో ఒక జానమాజ్ పరిచేంత ఖాళీ చోటు చాలు. నాలుగు మంచాల గదుల్లో ఆ చోటు కూడా ఉండదు కాబట్టి చూసుకోండి. మన రెండు రాష్ట్రాల్లో ఖిబ్లా ఇంచుమించు పడమర, కాస్త ఉత్తరానికి ఒరిగి. మొదటి రోజే గుర్తుపెట్టుకుంటే సరి. రూమ్మేట్లకు కూడా మొదటి రోజే, నవ్వుతూ, చెప్పేయాలి: 'నేను రోజుకు ఐదుసార్లు నమాజు చేస్తాను, ఒక్కోసారి ఐదు పది నిమిషాలు పడుతుంది.' చాటుగా చేసుకుంటే నెల తర్వాత చెప్పడం కష్టమవుతుంది. మొదటే చెబితే చాలామంది ఆ సమయానికి పాటలు ఆపేస్తారు.

మాంసం ఎక్కడి నుంచి తెస్తారో మెస్‌లో అడగడానికి మొహమాటపడకూడదు. నమ్మకం కలగకపోతే ఆ రోజు గుడ్డు, పప్పు, పెరుగు ఉండనే ఉంటాయి. దానికోసం మెస్‌లో గొడవ పెట్టుకోనక్కరలేదు, పక్కవాడి కంచం వంక అదోలా చూడనక్కరలేదు.

రంజాన్ ప్రతి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఉంటుంది. కాబట్టి రెండేళ్ళ కోర్సులో అది ఒకసారి తరగతుల మధ్యలో, ఒకసారి పరీక్షల మధ్యలో రావచ్చు. మెస్‌లో టిఫిన్ ఉదయం ఏడున్నరకు. సహరీ తెల్లవారకముందే. కొన్ని హాస్టళ్ళలో ఉపవాసం ఉండేవారు పదిమంది కలిసి రాసి ఇస్తే రాత్రే భోజనం కట్టి ఉంచుతారు. అడిగినవారికే ఇస్తారు. గదిలో కరెంటు కెటిల్, హీటర్ వాడరాదన్న నియమం చాలాచోట్ల ఉంది. చేరేటప్పుడు ఆ కాగితం మీద సంతకం పెట్టి, సహరీ పేరుతో మంచం కింద హీటర్ దాచడం సరైనది కాదు. చేసిన వాగ్దానాన్ని నిలబెట్టుకోమన్న ధర్మం మనది. ఖర్జూరాలు, బ్రెడ్డు, అరటిపండు, రాత్రి పోసి ఉంచిన పాలు. ఇవి చాలవా?

ఆడపిల్లల మాట

గుంటూరు జిల్లా సోదరుని అసలు భయం ఇదే కాబట్టి దీనిపై కొంచెం ఎక్కువ చెప్పాను. స్త్రీ మహ్రమ్ తోడు లేకుండా దూరప్రయాణం చేయరాదని హదీసు ఉంది. దారి సురక్షితంగా ఉన్నప్పుడు దాని వర్తింపు విషయంలో ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి. మీరు నమ్మే ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకోండి. తండ్రో అన్నో స్వయంగా దింపి, సెలవులకు స్వయంగా వెళ్ళి తీసుకురావడం ఎలాగూ మేలే. అయితే ప్రయాణం వేరు, నివాసం వేరు. నివాసం విషయంలో మన పెద్దలు ఏం చేశారో చూద్దాం.

అలీగఢ్‌లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో విద్యాలయం ప్రారంభించినప్పటి నుంచే విద్యార్థులు అక్కడే నివసించి చదువుకోవాలన్నది ఆయన ఆశయం. ఇంగ్లాండులో కేంబ్రిడ్జి పద్ధతిని కళ్ళారా చూసి వచ్చిన మనిషి. ఆ సంస్థను తర్వాత నడిపించిన మొహ్సినుల్ ముల్క్, వికారుల్ ముల్క్ ఇద్దరూ అంతకుముందు మన హైదరాబాదు సంస్థానంలో పెద్ద ఉద్యోగాలు చేసినవారు. నేటికీ అక్కడి హాస్టళ్ళ సముదాయాలను హాళ్ళని పిలుస్తారు, వాటిలో వారి పేర్లున్న హాళ్ళూ ఉన్నాయి. ఇదంతా అబ్బాయిల సంగతి. అమ్మాయిల కోసం 1906లో షేక్ అబ్దుల్లా, ఆయన సతీమణి వహీద్ జహాన్ బేగం చిన్న పాఠశాల తెరిచారు. ఊరివాళ్ళ పిల్లలు డోలీల్లో వచ్చి పోయేవారు. బయటి ఊళ్ళవారు రావాలంటే వసతి కావాలి. పరువుగల ముస్లిం కుటుంబాలు ఆడపిల్లలను పరాయి ఊళ్ళో ఉంచుతాయా అని ఎందరో పెదవి విరిచారు. 1914లో హాస్టల్ ప్రారంభమైంది. దాని ప్రారంభోత్సవానికి భోపాల్ పాలకురాలు సుల్తాన్ జహాన్ బేగం వచ్చారు. ఎత్తైన గోడలు కట్టారు, నిజమే. కాని తల్లిదండ్రులను ఒప్పించింది గోడలు కావని నా అభిప్రాయం. పిల్లల బాగోగులు వహీద్ జహాన్ బేగం స్వయంగా చూసుకున్నారు. ఆలా బీ అన్న పేరుతో ఆమె అందరికీ తల్లి అయ్యారు. ఆ పాఠశాలే నేటి అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ మహిళా కళాశాల. అక్కడి హాలు పేరు అబ్దుల్లా హాల్.

ఆ తల్లిదండ్రులు చూసింది గోడ వెనక ఎవరున్నారని. మనం కూడా అదే అడగాలి.

ఆ సోదరునికి చివరగా రెండు పనులు చెప్పాను. ఒకటి, ఇంటికి వెళ్ళి అమ్మాయిని అడగండి. ఆమె చదువు, ఆమె నివాసం, ఆమె లేకుండా మనిద్దరం మసీదు వరండాలో తేల్చడం న్యాయం కాదు. రెండు, ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళి కనీసం రెండు హాస్టళ్ళు చూడండి, తర్వాత ఇస్తిఖారా చేయండి. దైవప్రవక్త (స) తమకు ఖుర్ఆన్ సూరా నేర్పినంత శ్రద్ధగా ఇస్తిఖారా నేర్పేవారని హజ్రత్ జాబిర్ (రజి) చెప్పారు. కొందరు ఏమీ విచారించకుండా రెండు రకాతులు చదివి పడుకుని కల కోసం ఎదురుచూస్తారు. ఆ హదీసులో కల ప్రస్తావనే లేదు. విచారించి, సంప్రదించి, ఒక వైపు మనసు మొగ్గాక మేలును అల్లాహ్‌కు అప్పగించడమే ఇస్తిఖారా.

వారు వెళ్ళి చూశారు. మొదటిది మనవాళ్ళు నడిపే ప్రైవేటు హాస్టల్. శుభ్రంగా ఉంది, హలాల్ భోజనం, గోడకు నమాజు వేళల పట్టిక. తండ్రికి నచ్చింది. అమ్మాయి అక్కడున్న పిల్లలను ఒకే ప్రశ్న అడిగిందట: 'రాత్రి ఒంట్లో బాగాలేకపోతే ఎవరిని లేపుతారు?' వారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మేనేజరు పదింటికి తన ఇంటికి వెళ్ళిపోతాడు, బయట తాళం. యూనివర్సిటీ హాస్టల్‌లో అదే ప్రశ్న అడిగితే ముగ్గురు నలుగురు ఒకేసారి 'మేట్రన్ అమ్మను' అన్నారు. పక్క బ్లాకులోనే ఆవిడ నివాసం. కిందటి నెలలో ఒక అమ్మాయిని అర్ధరాత్రి ఆటోలో ఆస్పత్రికి తీసుకువెళ్ళిన సంగతి కూడా చెప్పారు.

అమ్మాయి అక్కడే చేరింది. గదిలో ఇంకా ఇద్దరున్నారు, ఒకరు ఆదిలాబాద్ నుంచి, ఒకరు శ్రీకాకుళం నుంచి. మెస్ భోజనం ఏమంత బాగా లేదట, వాళ్ళ అమ్మీ నెలకోసారి పొడులూ పచ్చళ్ళూ పంపిస్తోంది. తండ్రికి ఇంకా పూర్తిగా నిశ్చింత కలగలేదు. రోజూ ఇషా తర్వాత ఫోన్ చేస్తారు. ఒక్కోసారి అమ్మాయి లైబ్రరీలో ఉండి ఫోను ఎత్తదు. అప్పుడు నాకు చేస్తారు.